నీటిలో కనిపించని హార్మోన్లు – చేపల సంతానోత్పత్తికి పొంచి ఉన్న ముప్పు

(ప్రత్యేక వ్యాసం)

చెరువులో చేపలు చచ్చి తేలినప్పుడు జలకాలుష్యం అందరి కంటా పడుతుంది. పత్రికల్లో వార్త వస్తుంది, అధికారులు నీటి నమూనాలు సేకరిస్తారు, బాధ్యులపై చర్యలు మొదలవుతాయి. అయితే ఒక్క చేప కూడా చచ్చి తేలకుండా, నీటి రంగు గానీ వాసన గానీ మారకుండా, రెండు మూడు సంవత్సరాల్లో ఒక చేపజాతి దాదాపు అంతరించిపోయే ప్రమాదం ఉందని కెనడాలోని ఒక సరస్సులో జరిగిన ప్రయోగం రుజువు చేసింది. అక్కడ పెద్ద చేపలు బతికే ఉన్నాయి, కానీ వాటికి పిల్లలు పుట్టలేదు. ఇందుకు కారణం హార్మోన్ల పనికి భంగం కలిగించే ఒక రసాయనం. దాని పరిమాణం లీటరు నీటికి కేవలం 5 నుంచి 6 నానోగ్రాములు.

నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్ల వంతు. ఒలింపిక్ ప్రమాణాలు గల సుమారు 400 ఈత కొలనులు నింపడానికి పట్టే నీటిలో ఒక్క గ్రాము పదార్థాన్ని కలిపితే ప్రతి లీటరులో ఒక నానోగ్రాము ఉంటుంది. ఇంత స్వల్ప పరిమాణం ఒక జీవజాతి మనుగడనే ప్రశ్నార్థకం చేయడం ఎలా సాధ్యమో, దాని నివారణకు ఏయే మార్గాలు ఉన్నాయో తెలుసుకోవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది. చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే అగ్రస్థానంలో ఉండగా, తెలంగాణలో వేలాది చెరువులు మత్స్యకార కుటుంబాలకు జీవనాధారమై ఉన్న నేపథ్యంలో ఈ అంశం తెలుగు ప్రాంతాలకు మరింత ముఖ్యమైనది.

చేపల జీవితంలో హార్మోన్ల పాత్ర

చేపల సంతానోత్పత్తిలో హార్మోన్లకు ఎంతటి ప్రాధాన్యం ఉందో మన దేశపు మత్స్యరంగ చరిత్రే చెబుతుంది. బొచ్చె, రోహు, మృగాల వంటి చేపలు వానాకాలంలో నదుల వరద నీటిలో గుడ్లు పెడతాయి గానీ నిలకడ నీటి చెరువుల్లో సాధారణంగా పెట్టవు. అందువల్ల ఒకప్పుడు చేప విత్తనం కోసం నదులపైనే ఆధారపడవలసి వచ్చేది. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్ వద్ద శాస్త్రవేత్తలు హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలికున్హి చేపల పీయూష గ్రంథి నుంచి తీసిన సారాన్ని తల్లి చేపలకు ఇంజక్షన్‌గా ఇచ్చి, వాటిచేత గుడ్లు పెట్టించడంలో విజయం సాధించారు. ఆ విజయానికి గుర్తుగానే ఏటా జూలై 10న జాతీయ మత్స్య రైతుల దినోత్సవం జరుపుకుంటున్నాం. నేడు గోదావరి, కృష్ణా డెల్టాల్లోని హేచరీలన్నిటికీ ఆ ప్రయోగమే పునాది.

వాన, పగటి వెలుగు, నీటి ఉష్ణోగ్రత వంటి సంకేతాలను చేప మెదడులోని హైపోథాలమస్ గ్రహించి పీయూష గ్రంథికి ఆజ్ఞ ఇస్తుంది. పీయూష గ్రంథి విడుదల చేసిన హార్మోన్లు రక్తం ద్వారా అండాశయాలను, ముష్కాలను చేరుతాయి. ఆడ చేపలో అండాశయం ఈస్ట్రడయాల్ అనే ఈస్ట్రోజెన్ హార్మోనును తయారు చేస్తుంది. అది కాలేయాన్ని చేరి, విటెల్లోజెనిన్ అనే మాంసకృత్తును తయారు చేయిస్తుంది. ఈ మాంసకృత్తే గుడ్డులో సొనగా నిల్వ ఉండి, పుట్టబోయే పిల్లకు తొలి ఆహారం అవుతుంది. మగ చేపలో 11-కీటోటెస్టోస్టెరాన్ అనే హార్మోను శుక్రకణాల ఉత్పత్తిని, గూడు కట్టడం, ఆడ చేపను ఆకర్షించడం వంటి ప్రవర్తనను నియంత్రిస్తుంది.

మగ చేప కాలేయంలో కూడా విటెల్లోజెనిన్ తయారు చేసే జన్యువు ఉంటుంది. ఈస్ట్రోజెన్ తగినంత లేనందున అది నిద్రాణంగా ఉండిపోతుంది. బయటి నీటి నుంచి ఈస్ట్రోజెన్ వంటి పదార్థం చేరితే ఆ జన్యువు మేల్కొంటుంది. మగ చేప రక్తంలో సొన మాంసకృత్తు కనిపించిందంటే, ఆ నీటిలో ఈస్ట్రోజెన్ తరహా పదార్థం ఉన్నదని అర్థం. ప్రపంచవ్యాప్తంగా శాస్త్రవేత్తలు దీనినే ప్రధాన సూచికగా వినియోగిస్తున్నారు.

భంగం కలిగే విధానం

హార్మోనును తాళంచెవితో పోలిస్తే, కణంలో దానిని అందుకునే గ్రాహకాన్ని తాళంతో పోల్చవచ్చు. వినాళ గ్రంథుల పనికి భంగం కలిగించే రసాయనాలు ప్రధానంగా మూడు విధాలుగా పనిచేస్తాయి. మొదటిది, దొంగ తాళంచెవిలా గ్రాహకంలో ఇమిడిపోయి, అసలు హార్మోను రాకపోయినా వచ్చినట్లు కణాన్ని నమ్మించడం. గర్భనిరోధక మాత్రల్లో వాడే ఎథినైల్ ఈస్ట్రడయాల్, కొన్ని పారిశ్రామిక డిటర్జెంట్లు విచ్ఛిన్నం కావడం వల్ల ఏర్పడే నోనైల్‌ఫినాల్, ప్లాస్టిక్ తయారీలో వాడే బిస్ఫినాల్-ఎ ఈ కోవలోనివి. రెండవది, తాళంలో విరిగిన చెవిలా ఇరుక్కుని అసలు హార్మోనుకు చోటు లేకుండా చేయడం. కొన్ని శిలీంధ్రనాశకాలు, పురుగుమందులు మగ హార్మోనుకు ఈ విధంగా అడ్డుపడతాయి. మూడవది, హార్మోను తయారీకే ఆటంకం కలిగించడం. మగ హార్మోనును ఈస్ట్రోజెన్‌గా మార్చే అరోమటేజ్ అనే ఎంజైమును కొన్ని రసాయనాలు అదుపు తప్పేలా చేస్తాయి.

క్షీరదాలతో పోలిస్తే చేపల్లో లింగ నిర్ధారణ ఎంతో సున్నితమైనది. గుడ్డు నుంచి వెలువడిన తొలి వారాల్లో హార్మోన్ల సమతుల్యత మారితే, జన్యుపరంగా మగదైన చేప ఆడ చేపగా గానీ, ఆడది మగ చేపగా గానీ ఎదగవచ్చు. ఆ దశలో కలిగిన మార్పులు చాలా వరకు శాశ్వతంగా ఉండిపోతాయి. పెద్ద చేపల్లో కలిగే మార్పులు కొన్ని మాత్రం రసాయనం తొలగిన తరువాత సర్దుకుంటాయి. పైగా మొప్పల ద్వారా నిరంతరం నీటిని తీసుకునే చేపకు ఆ నీటి నుంచి తప్పించుకునే మార్గం లేదు.

బ్రిటన్ నదుల్లో బయటపడిన వాస్తవం

1970వ దశకం చివర ఇంగ్లండ్‌లోని లీ నది పరీవాహకంలో, మురుగుశుద్ధి కేంద్రాల మడుగుల్లో పట్టుబడిన కొన్ని రోచ్ చేపల్లో ఆడ, మగ లక్షణాలు రెండూ కనిపించాయి. రోచ్ మన బొచ్చె, రోహులకు దగ్గరి బంధువైన చేప. తరువాత శాస్త్రవేత్తలు శుద్ధి కేంద్రాల నుంచి వెలువడే నీటిలో ట్రౌట్ చేపలను పంజరాల్లో ఉంచి పరీక్షించారు. వాటి రక్తంలో విటెల్లోజెనిన్, చోటును బట్టి, 500 నుంచి లక్ష రెట్ల వరకు పెరిగిందని 1994లో ప్రచురితమైన నివేదిక వెల్లడించింది.

1998లో మరో రెండు ముఖ్య పరిశోధనలు వెలువడ్డాయి. సహజ నదుల్లోని రోచ్ చేపలను పరిశీలించిన మొదటి అధ్యయనంలో, శుద్ధి కేంద్రాలకు దిగువన మగ చేపల ముష్కాల్లో అండ కణాలు విస్తృతంగా కనిపించాయి. శుద్ధి చేసిన మురుగు కలవని చోట్ల ఈ లక్షణం తక్కువగా ఉంది. రెండవ అధ్యయనం ఆ నీటిలో ఏ పదార్థం దోషి అన్నది తేల్చింది. గృహాల మురుగు నీటిలో ప్రధాన కారకాలు ఈస్ట్రోన్, ఈస్ట్రడయాల్ అనే సహజ హార్మోన్లు, ఎథినైల్ ఈస్ట్రడయాల్ అనే కృత్రిమ హార్మోను అని వెల్లడైంది.

మానవ శరీరం హార్మోన్లను నిర్వీర్య రూపంలోకి మార్చి మూత్రం ద్వారా విసర్జిస్తుంది. అయితే మురుగు కాలువల్లోని బ్యాక్టీరియా వాటిని మళ్లీ క్రియాశీల రూపంలోకి మారుస్తాయి. శుద్ధి ప్రక్రియలో చాలా భాగం తొలగినా, మిగిలిన నానోగ్రాములే చేపలపై ప్రభావం చూపుతాయి. శుద్ధి అయిన నీరు కంటికి తేటగా ఉన్నంత మాత్రాన హార్మోన్ల పరంగా శుభ్రమైనదని చెప్పలేమన్నది బ్రిటన్ అనుభవం చెప్పిన ప్రధాన పాఠం.

సరస్సు నెం. 260

ఒక్కొక్క చేపలో మార్పులు కనిపించినంత మాత్రాన మొత్తం జాతి సంఖ్య తగ్గుతుందా అన్న ప్రశ్నకు సమాధానం కెనడా నుంచి లభించింది. ఒంటారియో రాష్ట్ర వాయవ్య ప్రాంతంలో, శాస్త్ర ప్రయోగాల కోసమే ప్రత్యేకించిన సరస్సుల సముదాయం ఉంది. అందులోని 260వ నెంబరు సరస్సులో శాస్త్రవేత్త కరెన్ కిడ్ నేతృత్వంలోని బృందం 2001 నుంచి 2003 వరకు, మంచు లేని నెలల్లో ఎథినైల్ ఈస్ట్రడయాల్‌ను కలిపింది. నగరాల మురుగు నీటిలో కనిపించే స్థాయికి తగినట్లుగా లీటరుకు 5 నుంచి 6 నానోగ్రాములు ఉండేలా చూశారు. పక్కనున్న సరస్సులను పోలిక కోసం యథాతథంగా ఉంచారు.

ఫలితాలు త్వరలోనే కనిపించాయి. ఫాట్‌హెడ్ మిన్నో అనే చిన్న చేపల్లో మగవాటి శరీరంలో సొన మాంసకృత్తు వేల రెట్లు పెరిగింది. ముష్కాల ఎదుగుదల నిలిచిపోయింది. కొన్నిటిలో అండ కణాలు ఏర్పడ్డాయి. ఆడ చేపల్లో సైతం అండాల ఎదుగుదల దెబ్బతిన్నది. ఈ చేప ఆయుష్షు కొద్ది సంవత్సరాలే. ఒకటి రెండు సంవత్సరాలు పిల్లలు పుట్టకపోతే వయోజన చేపల స్థానాన్ని భర్తీ చేసే తరం ఉండదు. ఆ విధంగా ఈ జాతి సరస్సులో దాదాపు అంతరించే స్థితికి చేరింది. 2007లో ప్రచురితమైన ఈ పరిశోధన ప్రపంచవ్యాప్తంగా చర్చకు దారితీసింది.

చిన్న చేపలు తగ్గిపోవడంతో వాటిని తిని బతికే లేక్ ట్రౌట్ వంటి పెద్ద చేపలకు ఆహార కొరత ఏర్పడి వాటి సంఖ్య కూడా తగ్గింది. నీటిలో కలిసిన రసాయనం పెద్ద చేపను నేరుగా తాకకపోయినా, ఆహారపు గొలుసు ద్వారా దానిని దెబ్బతీయగలదని దీనివల్ల స్పష్టమైంది.

అయితే ఈ ప్రయోగంలో ఆశాజనకమైన అంశం కూడా ఉంది. హార్మోను కలపడం నిలిపివేసిన తరువాత మగ చేపల్లో సొన మాంసకృత్తు సాధారణ స్థాయికి చేరింది. కొద్ది సంవత్సరాల్లో మిన్నో చేపల సంఖ్య కోలుకుందని 2015లో వెలువడిన అధ్యయనం తెలిపింది. మూలాన్ని అరికడితే నష్టాన్ని సరిదిద్దుకునే అవకాశం ఉన్నదనడానికి ఇది నిదర్శనం.

మగ లక్షణాలు పెంచే రసాయనాలు

రసాయనాలన్నీ ఈస్ట్రోజెన్ తరహాలోనే పనిచేయవు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో కాగితపు మిల్లుల వ్యర్థజలం కలిసే వాగుల్లో ఆడ గంబూసియా చేపలకు మగ చేపల రెక్క వంటి అవయవం పెరగడాన్ని శాస్త్రవేత్తలు 1980లోనే నమోదు చేశారు. పశువుల బరువు పెంచేందుకు అమెరికాలో వాడే ట్రెన్బొలోన్ అనే హార్మోను ఆడ చేపల్లో గుడ్ల ఉత్పత్తిని తగ్గిస్తుందని 2003లో ప్రయోగశాలలో వెల్లడైంది. ఓడల అడుగున నాచు, నత్తలు పట్టకుండా పూసే రంగుల్లో వాడిన ట్రైబ్యుటైల్ టిన్ కారణంగా ఆడ సముద్ర నత్తలకు మగ అవయవాలు ఏర్పడి పునరుత్పత్తి నిలిచిపోయింది. ఫ్రాన్స్ 1982లో, బ్రిటన్ 1987లో చిన్న పడవలపై దాని వాడకాన్ని నియంత్రించగా, ప్రపంచ స్థాయిలో దానిని నిషేధించే అంతర్జాతీయ ఒప్పందం 2001లో కుదిరి, 2008 సెప్టెంబరులో అమలులోకి వచ్చింది.

ఒక్కొక్కటిగా చూస్తే ప్రభావం చూపని స్థాయిలో ఉన్న రసాయనాలు కలిసినప్పుడు ప్రభావం చూపవచ్చు. ఐదు ఈస్ట్రోజెన్ తరహా రసాయనాలను చేపలపై ఉమ్మడిగా పరీక్షించిన 2005 నాటి అధ్యయనం ఈ విషయాన్ని ధ్రువీకరించింది. కాబట్టి ప్రతి రసాయనానికీ విడివిడిగా పరిమితి నిర్ణయించి, అన్నీ పరిమితికి లోబడి ఉన్నాయని తృప్తి పడడం సరికాదు.

మన ప్రాంతానికి సంబంధించిన అంశాలు

దేశంలో మురుగుశుద్ధి కేంద్రాలకు సంబంధించి కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2017 అక్టోబరులో ప్రకటించిన ప్రమాణాలు పీహెచ్, బీఓడీ, నీటిలో తేలియాడే ఘన పదార్థాలు, ఫీకల్ కోలిఫాం బ్యాక్టీరియాకు సంబంధించినవి. వీటిలో హార్మోన్లకు పరిమితి లేదు. కనుక ఒక కేంద్రం నిబంధనలన్నిటినీ పాటిస్తూనే, చేపలపై ప్రభావం చూపగల నీటిని వదిలే అవకాశం ఉన్నది.

ఔషధ పరిశ్రమల కేంద్రమైన హైదరాబాద్ పరిసరాల్లో వ్యర్థజలాల నిర్వహణ ఎంత కీలకమో 2007లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ అధ్యయనం తెలిపింది. పటాన్‌చెరు ప్రాంతంలోని ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు అందులో నమోదైంది. అది హార్మోను కాకపోయినా, మందుల అవశేషాలు సాధారణ శుద్ధిని దాటి బయటికి రాగలవనడానికి నిదర్శనంగా నిలిచింది.

పురుగుమందుల విషయానికి వస్తే, హార్మోన్లపై ప్రభావం చూపే ఎండోసల్ఫాన్ ఉత్పత్తిని, వాడకాన్ని సుప్రీంకోర్టు 2011 మే నెలలో నిలిపివేసింది. అదే సంవత్సరం స్టాక్‌హోం ఒప్పందం కింద ప్రపంచ స్థాయిలో దానిని తొలగించాలన్న నిర్ణయం జరిగింది. పొలాల నుంచి కాలువల ద్వారా చేపల చెరువులకు నీరు చేరే డెల్టా ప్రాంతాల్లో పురుగుమందుల మోతాదు, పిచికారీ సమయం పట్ల జాగ్రత్త తప్పనిసరి.

మత్స్యరంగంలోనే వాడే హార్మోన్ల పట్ల కూడా శ్రద్ధ అవసరం. తిలాపియా చేపల్లో మగవి త్వరగా పెరుగుతాయి కాబట్టి, పిల్లలకు తొలి మూడు నాలుగు వారాల పాటు మిథైల్ టెస్టోస్టెరాన్ కలిపిన మేత ఇచ్చి అన్నిటినీ మగవిగా మార్చే పద్ధతి అనేక దేశాల్లో ఉన్నది. హార్మోన్ల ప్రభావం ఎంత బలమైనదో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ లేదు. ఇటువంటి హేచరీల నీటిని నేరుగా కాలువలోకి వదలకుండా, మడుగుల్లో నిల్వ ఉంచి శుద్ధి చేసిన తరువాతనే విడుదల చేయడం శ్రేయస్కరం.

పరిష్కార మార్గాలు

మూలంలోనే అరికట్టడం ఉత్తమ మార్గమని ఇంగ్లండ్‌లోని ఎయిర్ నది అనుభవం చెబుతుంది. ఆ నది తీరాన ఉన్ని శుభ్రపరిచే పరిశ్రమలు వాడిన డిటర్జెంట్ల వల్ల నోనైల్‌ఫినాల్ అధికంగా చేరేది. వాటి విడుదలపై నియంత్రణ విధించిన తరువాత నీటిలో ఈస్ట్రోజెన్ ప్రభావం తగ్గింది. యూరోపియన్ యూనియన్ 2005 నుంచి నోనైల్‌ఫినాల్ వాడకంపై విస్తృత ఆంక్షలు అమలు చేస్తున్నది.

మానవ విసర్జనల్లోని హార్మోన్లను మూలంలో ఆపడం సాధ్యం కాదు కాబట్టి అదనపు శుద్ధి అవసరమవుతుంది. ఓజోన్ వాయువుతో గానీ ఉత్తేజిత బొగ్గుతో గానీ శుద్ధి చేస్తే హార్మోన్లలో అధిక భాగం తొలగుతుంది. స్విట్జర్లాండ్ 2016 నుంచి సుమారు 100 శుద్ధి కేంద్రాల్లో ఈ ఏర్పాటు చేసే కార్యక్రమాన్ని చేపట్టింది. యూరోపియన్ యూనియన్ 2024లో సవరించిన పట్టణ మురుగునీటి చట్టంలో అదనపు శుద్ధి వ్యయంలో కనీసం 80 శాతాన్ని ఔషధ, సౌందర్య సాధనాల ఉత్పత్తిదారులే భరించాలని నిర్దేశించింది. ఖర్చుతో కూడిన ఈ విధానాన్ని అన్ని చోట్లా ఒకేసారి అమలు చేయడం కష్టసాధ్యం. వేసవిలో నదిలో ప్రవాహం తగ్గి, వ్యర్థజలం పాలు పెరిగే చోట్ల ముందుగా చేపట్టడం ప్రయోజనకరం.

వార్తా రచనలో గమనించవలసిన అంశాలు

ఈ విషయంపై వార్తలు రాసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు అవసరం. మొదటిది, కొన్ని చేపలు సహజంగానే లింగం మార్చుకుంటాయి. మన తీరంలో ప్రసిద్ధమైన పండుగప్ప తొలుత మగ చేపగా ఎదిగి, తరువాత ఆడ చేపగా మారుతుంది. అది కాలుష్య ఫలితం కాదు. సహజంగా ఆడ, మగ వేరువేరుగా ఉండే జాతిలో ఒకే చేపలో రెండు లక్షణాలు కనిపించినప్పుడే అనుమానించాలి.

రెండవది, ముష్కంలో కొద్దిపాటి అండ కణాలు ఉన్న ప్రతి చేపా వంధ్యత్వానికి లోనైనట్లు కాదు. తీవ్రంగా ప్రభావితమైన మగ రోచ్ చేపల సంతాన సామర్థ్యం బాగా తగ్గినట్లు 2011లో తేలినప్పటికీ, ఇంగ్లండ్‌లోని కొన్ని నదుల్లో రోచ్ జాతి తన సంఖ్యను నిలబెట్టుకుంటున్నదని 2014 నాటి అధ్యయనం పేర్కొన్నది. ప్రభావం చేప ఆయుష్షుపై, రసాయన పరిమాణంపై, అది ఉన్న కాలంపై ఆధారపడి ఉంటుంది.

మూడవది, కుటుంబ నియంత్రణ మాత్రలనే ఏకైక కారణంగా చూపడం సరికాదు. స్త్రీ పురుషులందరూ, పశువులు కూడా సహజ హార్మోన్లను విసర్జిస్తాయి. వీటికి పారిశ్రామిక రసాయనాలు, పురుగుమందులు తోడవుతాయి. నాల్గవది, చేపల పునరుత్పత్తిపై జరిగిన ఈ పరిశోధనలను చేపలు తినరాదన్న సలహాగా చిత్రించడం వినియోగదారులను, మత్స్యకారులను అనవసరంగా ఆందోళనకు గురిచేస్తుంది.

సమన్వయమే శరణ్యం

ఈ సమస్య ఏ ఒక్క శాఖ పరిధికీ పరిమితమైనది కాదు. మురుగుశుద్ధి పురపాలక సంస్థలది, వ్యర్థజలాల పర్యవేక్షణ కాలుష్య నియంత్రణ మండలిది, చేపల సంరక్షణ మత్స్యశాఖది, పురుగుమందుల వాడకంపై రైతులకు అవగాహన వ్యవసాయ శాఖది. శుద్ధి కేంద్రాలకు ఎగువన, దిగువన మగ చేపల రక్తంలో విటెల్లోజెనిన్‌ను పరీక్షించడం ద్వారా సమస్య తీవ్రతను అంచనా వేయవచ్చు. చేపలపై ఇటువంటి పరీక్షలకు ఓఈసీడీ 2009లోనే ప్రామాణిక పద్ధతులను రూపొందించింది. ఒక జలాశయంలో పెద్ద చేపలు దొరుకుతున్నా, ఏటికేడాది పిల్ల చేపలు తగ్గుతున్నాయని మత్స్యకారులు చెబితే ఆ సమాచారాన్ని తేలికగా తీసుకోరాదు.

ప్రజల వంతుగా, వాడని, గడువు తీరిన మందులను మరుగుదొడ్డిలో, కాలువల్లో పారవేయకుండా ఉండాలి. పురుగుమందుల డబ్బాలను, పిచికారీ యంత్రాలను చెరువుల్లో కడగరాదు. చేపలు చచ్చి తేలినప్పుడు స్పందించే యంత్రాంగం ఇప్పటికే ఉన్నది. చేపలు బతికి ఉండగానే, అవి పిల్లలను కనలేని స్థితిని పసిగట్టే యంత్రాంగాన్ని కూడా సిద్ధం చేసుకుంటే చెరువులు, నదులు రాబోయే తరాలకు కూడా జీవనాధారంగా నిలుస్తాయి.